పాదొవా నుంచి టీచర్ గారికి వచ్చిన సంచీ

ఆ గురువారం అమ్మ ఇటలీ నుంచి ఫోన్ చేసి చెబుతూ ఉంటే, నా లెక్కల నోటుబుక్కు వెనకపేజీలో నేను రాసుకున్న పనులు ఇవి:

శనివారం సిమియోన్ మామ వ్యాను రాగానే మన పెట్టె తీసుకోవాలి. పెట్టె మీద ఆకుపచ్చ టేపు, దాని మీద అమ్మమ్మ పేరు ఉంటాయి.

పైన ఉన్న నూనె డబ్బా, అమ్మమ్మ మాత్రలు, నా చలికోటు బయటికి తీయాలి.

అడుగున ఎర్ర కాగితపు సంచీ ఉంటుంది. అది టీచర్ గారిది. విప్పకూడదు. అమ్మమ్మను కూడా విప్పనివ్వకూడదు.

ఆదివారం ఉపాధ్యాయుల దినం. టీచర్ గారు చర్చి నుంచి ఇంటికి చేరాక వెళ్ళాలి, ముందు కాదు.

మన పెరట్లోవే ఏడు చామంతులు కోయాలి. ఎనిమిది కాదు. రెండుసార్లు లెక్కపెట్టుకోవాలి.

బూట్లు తుడుచుకోవాలి.

సంచీ రెండు చేతులతో ఇచ్చి, "మా అమ్మ పంపింది, మీ మేలు మరిచిపోదు" అనాలి.

హాస్టలు మాట మనంతట మనం ఎత్తకూడదు. ఆవిడే ఎత్తాలి.

ఈ చివరి పని కోసమే పైవన్నీ. అది అమ్మ చెప్పలేదు, నాకు తెలుసు.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. అమ్మ వెళ్ళి అయిదేళ్ళయింది. మోల్దోవాలో మా సల్చియేని లాంటి ఊళ్ళలో ప్రతి వీధిలోనూ ఇద్దరు ముగ్గురు అమ్మలు అలా వెళ్ళినవాళ్ళే. మా అమ్మ ఇటలీలో పాదొవా అనే ఊళ్ళో ఒక మంచం పట్టిన ముసలావిడను చూసుకునేది. కాగితాలు లేవు. సరిహద్దు దాటి ఇంటికి వస్తే మళ్ళీ అక్కడికి పోనివ్వరు. అందుకని గురువారం మధ్యాహ్నం, ఆదివారం, సెలవు దొరికే ఆ రెండు పూటలా ఫోన్ చేసేది. రెండు వారాలకోసారి సిమియోన్ మామ నడిపే వ్యానులో పెట్టె పంపేది.

నన్ను పెంచింది అమ్మమ్మ. ఆమె తుంటి ఎముక అరిగిపోయింది. అక్టోబరు ఇరవైన రాజధాని కిషినావ్‌లో ఆపరేషన్. తర్వాత వసంతకాలం దాకా అక్కడే మావయ్య ఇంట్లో ఉండాలి. మావయ్యది ఒకే గది, అందులో అప్పటికే నలుగురు. నాకు చోటు లేదని ఆయన చెప్పకముందే నాకు తెలుసు. ఊళ్ళో ఎవరైనా నన్ను చూసుకుంటానని సంతకం పెట్టకపోతే జిల్లా కేంద్రంలోని హాస్టలు బడికి పంపుతామని పంచాయతీ ఆఫీసు ఆవిడ కాగితం చూపించి మరీ చెప్పింది. అక్కడి నుంచి తొమ్మిదో తరగతి పరీక్ష గట్టెక్కి పైచదువుకు వెళ్ళినవాళ్ళు మా ఊళ్ళో నేనెరిగి ఎవరూ లేరు.

ఒలింపియా టీచర్ మాకు లెక్కలు చెప్పేది. మా తరగతి బాధ్యత కూడా ఆవిడదే. భర్త పోయాక ఒక్కతే ఉండేది. నా పంటికి చీము పడితే బస్సెక్కించుకుని జిల్లా ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆవిడే. అమ్మమ్మ పింఛను కాగితాలు నింపింది ఆవిడే. వారం కిందట అమ్మమ్మ కర్ర పట్టుకుని, నన్ను వెంటపెట్టుకుని వెళ్ళి అడిగింది: వసంతం దాకా దీన్ని ఉంచుకుంటారా అని. టీచర్ గారు అవుననలేదు, కాదనలేదు. "ఆదివారం నాటికి చెప్తాను యెవ్‌దోకియా గారూ" అంది. మాతో గేటు దాకా వచ్చింది కానీ మా మొహాలు చూడలేదు.

శనివారం సాయంత్రం వ్యాను కొట్టు ముందు ఆగింది. సిమియోన్ మామ రెండు రోజుల గడ్డంతో దిగి పెట్టెలు ఒక్కొక్కటే పేరు పిలిచి ఇస్తున్నాడు.

"కొరీనా! రా తల్లీ. మీ అమ్మ ఈసారి ఇటలీని సగం కోసి పెట్టెలో పెట్టింది. నా నడుము పోయింది."

"మీ నడుము పోయినసారి కూడా పోయింది కదా మామా" అన్నాను.

"పోయినసారి ఎడమవైపు. ఇది కుడి."

ఇంటికి తెచ్చి నోటుబుక్కులో ఉన్నట్టే చేశాను. నూనె, మాత్రలు, కోటు తీశాను. ఎర్ర సంచీ మూతిని అమ్మ పిన్నులు కొట్టి మూసింది. అమ్మమ్మ కుర్చీలోంచే చెయ్యి చాచింది.

"ఒక్కసారి ఇటివ్వు. చూస్తే అరిగిపోతుందా?"

"అమ్మ వద్దంది."

"నేను దాని అమ్మనే. నాకు నువ్వు చెప్పేదేంటి?" అని పైనుంచి వేళ్ళతో తడిమింది. "మెత్తగా ఉంది. శాలువా అయ్యుంటుంది. ఇక్కడేదో గట్టిగా... కాఫీ డబ్బానా? మళ్ళీ కాఫీయేనా దీని మొహం!"

నేను సంచీ లాక్కుని అలమరలో పెట్టి తాళం వేశాను. చెప్పిన పని చెప్పినట్టు చేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ ఒక్కసారి చేయకపోయి ఉంటే అమ్మమ్మ అక్కడే గుర్తుపట్టేది, ఈ కథే ఉండేది కాదు.

ఆదివారం ఏడు చామంతులు కోసి, రెండుసార్లు లెక్కపెట్టాను. సరిసంఖ్యలో పూలు మా వైపు శవం దగ్గరే పెడతారు. బూట్లు తుడుచుకుని వెళ్ళాను. టీచర్ గారు ఇంకా చర్చి బట్టల్లోనే ఉంది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి, పూలు నీళ్ళలో పెట్టి, మాట ప్రకారం నేను రెండు చేతులతో ఇచ్చిన సంచీ అందుకుంది.

"మా అమ్మ పంపింది టీచర్. మీ మేలు మరిచిపోదు."

"ఎందుకు ఇవన్నీ" అంటూనే కత్తెర తెచ్చి పిన్నులు ఊడదీసింది. ముందు ఒక తువ్వాలు తీసింది, తెల్లది, అంచున నీలి గీతతో. బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక కప్పు. తర్వాత గాజు గిన్నెలో పోసిన లావుపాటి కొవ్వొత్తి. ఆఖరున పలచని కాగితంలో చుట్టిన రొట్టె, మధ్యలో ఖాళీతో చక్రంలా గుండ్రంగా కాల్చినది.

ఆవిడ చెయ్యి ఆ రొట్టె మీదే ఆగిపోయింది.

మా వైపు పోయినవాళ్ళ పేరున నలుగురికీ ఇచ్చేవి ఇవే: తువ్వాలు, కప్పు, కొవ్వొత్తి, చక్రపు రొట్టె. పొమానా అంటాం. ఆ నాలుగూ కలిపి ఒకరి చేతిలో పెట్టామంటే దానికి ఇంకో అర్థం లేదు. పద్నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

టీచర్ గారు లేచి నిలబడి సిలువ గుర్తు వేసుకుంది. "దేవుడు క్షమించుగాక" అంది. పొమానా అందుకున్నవాళ్ళు అనే మాట అది. మళ్ళీ కూర్చుంది.

"ఎవరి పేరునమ్మా ఇది?"

తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"మీ అమ్మమ్మను ఇప్పుడే చర్చిలో చూశాను. మీ తాత పోయి పదేళ్ళయింది." అడుగున ఒక చిన్న కార్డు ఉంటే తీసి చదివింది. అమ్మ రాత. 'టీచర్ గారికి. నేను దగ్గర లేను. నా బిడ్డను చూసుకోండి. జీనా.' రెండోసారి చదివి కార్డును బోర్లా పెట్టింది.

"మీ అమ్మ ఎలా ఉంది?"

"బాగున్నానంటుంది."

"అంటుందా." కార్డు పక్కకు జరిపి, "కొందరు బతికుండగానే తమ పేరున తామే ఇచ్చుకుంటారు. తెలుసుగా?" అంది.

తెలుసు. మా వీధి చివరి అగాఫియా అవ్వ డాక్టర్లు ఇంటికి పంపేశాక అలాగే ఇచ్చింది. మాకూ ఒక కప్పు వచ్చింది. ఆ తర్వాత ఆమె రెండు నెలలే బతికింది.

"ఇరవయ్యో తారీఖు దాకా ఎందుకు?" అంది టీచర్ గారు. "వచ్చే శనివారమే సామాను తెచ్చేసుకో. రేపు పంచాయతీ ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టేస్తాను."

వారం రోజులుగా నేను ఎదురుచూసిన మాట అది. వచ్చింది. నేను థాంక్స్ చెప్పాను కూడా. గేటు దాటాక పరుగెత్తాను.

అమ్మమ్మకు చెప్పగానే రెండు చేతులతో తొడ చరుచుకుంది. "రొట్టె కూడానా? చక్రపు రొట్టేనా? సరిగ్గా చూశావా?" అని మూడుసార్లు అడిగింది. అమ్మ ఫోన్ నాలుగింటికి. అప్పటిదాకా మేమిద్దరం ఫోన్ బల్ల మీద పెట్టుకుని దానికి చెరోవైపు కూర్చున్నాం. మోగగానే అమ్మమ్మ లాక్కుంది.

"ఏమే, బతికే ఉన్నావా?"

"అదేం మాటే అమ్మా! బతక్కుండా ఫోన్ చేస్తానా?" అమ్మ గొంతు నాకు కుర్చీలోకి వినిపించింది.

"నీకేం జబ్బు? నాతో అబద్ధమాడావంటే ఈ కర్రతోనే వచ్చేస్తాను అక్కడికి. ఏం చెప్పారు డాక్టర్లు?"

"ఏ డాక్టర్లు? నాకేం జబ్బు లేదు. మోకాళ్ళు నొప్పులు, ఆ ముసలావిడను రోజుకి పదిసార్లు లేపి కూర్చోబెడితే నీకూ వస్తాయి."

"మరి ఒలింపియా టీచర్‌కి పొమానా ఎందుకు పంపావే?"

అటువైపు అమ్మ ఒక్కొక్కటే తనలో తను చెప్పుకోవడం వినిపించింది: "తువ్వాలు... కప్పు... అయ్యో. అయ్యో దేవుడా."

జరిగింది ఇది. తువ్వాలూ కప్పూ కొవ్వొత్తీ పాదొవాలో ఒక కొట్లో ఒకే పొట్లంగా, స్నానపు సామానని రిబ్బను కట్టి అమ్ముతున్నారు. అమ్మ పనిచేసే ఇంటి ముసలావిడ కూతురు తన డాక్టరమ్మకు అలాంటిదే ఇచ్చింది. గొప్పవాళ్ళు ఇచ్చుకునేది కదా అని అమ్మ కొన్నది. పొట్లం సంచీలో సరిగ్గా ఇమడకపోతే రిబ్బను విప్పి సర్దింది. ఇంకా చోటు మిగిలిందని ముసలావిడ ఇంట్లో తానే కాల్చిన రొట్టె ఒకటి పెట్టింది. వ్యాను కదిలే వేళకు పరుగున ఇచ్చి వచ్చింది. విడివిడిగా చూస్తే దేనిలోనూ తప్పు లేదు.

"ఏడు చామంతులు, ఎనిమిది కాదని పిల్లకి అన్నిసార్లు చెప్పాను! నా బుద్ధి ఎక్కడికి పోయిందే?" అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలోనే ఆగి, "కొరీనాకివ్వు" అంది.

ఫోన్ తీసుకున్నాను.

"టీచర్ గారు ఏమన్నారు? ఉంచుకుంటానన్నారా?"

"అన్నారు. శనివారమే రమ్మన్నారు. నువ్వు చచ్చిపోతున్నావనుకుంటున్నారు."

"అయితే నోరు మూసుకో" అంది అమ్మ.

"అమ్మా!"

"వసంతం దాకా. అమ్మమ్మ లేచి నడిచేదాకా. తర్వాత నేనే చెప్పుకుంటాను. ఆ పాపం నాకే తగలనీ. నువ్వు ఆ హాస్టలుకు వెళ్ళకూడదు కొరీ, అర్థమైందా? నేను ఇక్కడ మలం ఎత్తుతున్నది నువ్వు హాస్టలుకు వెళ్ళడానికి కాదు."

అర్థమైందన్నాను. నాకు నిజంగానే అర్థమైంది.

సోమవారం రెండో పీరియడు లెక్కలు. టీచర్ గారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచింది. సమీకరణంలో ఒక పదాన్ని అటువైపుకు తెస్తూ మైనస్ వేయాల్సిన చోట ప్లస్ అలాగే ఉంచేశాను. అయిదేళ్ళలో ఎవరు ఆ తప్పు చేసినా టీచర్ గారు "తలకాయ ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి వచ్చావా?" అనేది. చేతిలో సుద్దముక్కతో ఆ మాట కోసం నిలబడ్డాను.

"పర్వాలేదమ్మా" అంది. "కూర్చో."

తరగతి తరగతంతా తలలెత్తి చూసింది. నా పక్కన కూర్చునే లుమినీత్స చెవిలో, "నీకేమైనా జబ్బా?" అని అడిగింది.

ఆ రోజంతా అదే 'పర్వాలేదమ్మా'. విరామంలో చేతిలో ఒక ఆపిల్ పెట్టింది. మెట్లు దిగుతుంటే కాలరు సరిచేసింది. ఆ ఇంట్లో చోటు కావాలనుకున్నాను నిజమే. కానీ తలకాయ ఎక్కడ పెట్టావని అడిగే ఆవిడ దగ్గర కావాలనుకున్నాను. వసంతం దాకా రోజూ ఆ జాలి తింటూ, లేని చావును మోస్తూ ఆవిడ ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాదని తెలిసిపోయింది. చెబితే హాస్టలు. అదీ తెలుసు.

బడి అయ్యాక ఆవిడ వెనకే ఇంటికి వెళ్ళాను. వంటింటి గడప దగ్గరే నిలబడి చెప్పేశాను.

"టీచర్, అది పొమానా కాదు."

"ఏంటీ?"

"కొట్లో అమ్మే పొట్లం. స్నానానికి."

"స్నానానికి కొవ్వొత్తి ఎందుకే?"

"అక్కడ తొట్టె పక్కన వెలిగించుకుంటారట."

"కరెంటు పోతుందా వాళ్ళకి?"

"పోదు. ఊరికే."

"ఊరికే." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి కప్పు?"

"స్నానం అయ్యాక ఏదో తాగడానికి."

"రొట్టె?"

"చోటు మిగిలిందని అమ్మ పెట్టింది."

"మీ అమ్మ ఒంట్లో..."

"మోకాళ్ళ నొప్పులు టీచర్. అంతకన్నా ఏం లేదు."

"మోకాళ్ళ నొప్పులు!" ఆవిడ చెయ్యి బల్ల మీద దబ్బున పడింది. "ఫాదర్‌కి పేరిచ్చి వచ్చానే నేను! జబ్బుపడ్డ జీనా కోసం ప్రార్థన చెయ్యమని. వచ్చే ఆదివారం ఊరంతా వింటుంది. నిన్న సాయంత్రమంతా మోకాళ్ళ మీద ఉన్నాను, నాకూ ఉన్నాయి మోకాళ్ళు!"

నేను నేల చూస్తున్నాను.

"మీ అమ్మ చెప్పమందా ఇది?"

"లేదు. చెప్పొద్దంది."

"మరెందుకు చెప్పావు?"

"ఇవాళ మైనస్ బదులు ప్లస్ వేస్తే మీరు తిట్టలేదు."

ఆవిడ లేచి గోడకున్న అలమర తలుపు తెరిచింది. లోపల వరసగా కాఫీ పొట్లాలు, ఒకదాని మీద ఒకటి, అన్నీ ఇటలీవి.

"చూడు. ఇరవై రెండు. నేను బీపీ మనిషిని, కాఫీ వాసన చూసినా డాక్టరు అరుస్తాడు. ఇవన్నీ మీలాంటి పిల్లల అమ్మలు పంపినవే. ఏ పండగకీ తప్పరు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఫోన్ చేసి మా పిల్ల ఎలా చదువుతోందని అడిగిన పాపాన పోలేదు. స్తెలా గుర్తుందా నీకు?"

గుర్తుంది. నాకన్నా మూడు తరగతులు పెద్దది.

"మూడు నెలలు ఉంచుకోండంది వాళ్ళమ్మ. రెండేళ్ళుంది ఇక్కడ. నా పక్క మంచం మీద పడుకుంది. ఒక రోజు గేటు దగ్గర కారు ఆగింది. వాళ్ళమ్మ కారు దిగనైనా దిగలేదు. అద్దం దించి ఒక సంచీ ఇచ్చింది, పిల్లను ఎక్కించుకుంది, వెళ్ళిపోయింది. సంచీలో ఏముందో తెలుసా? ఇదిగో, పై వరసలో మొదటిది." తలుపు మూసేసింది. "అందుకే ఆదివారం దాకా ఆగమన్నాను. కాదని చెబుదామనే అనుకున్నాను నీకు. చావు అంటే కరిగిపోయాను."

అంతేననుకున్నాను. సంచీ భుజానికి తగిలించుకోబోయాను.

"ఎక్కడికి? నేను వెళ్ళమన్నానా? పొద్దున సంతకం పెట్టి వచ్చాను. దాన్నిప్పుడు చించమని వెళ్ళి అడిగితే ఆ ఆఫీసు ఆవిడ ముందు నేనొక పిచ్చిదాన్నవుతాను." ఆవిడ గొంతు ఇంకా కోపంగానే ఉంది. "కానీ ఒక షరతు. మీ అమ్మ నాకు ఫోన్ చెయ్యాలి. ప్రతి గురువారం. నీకు కాదు, మీ అమ్మమ్మకు కాదు, నాకు. మొదటిది ఈ గురువారం. చెయ్యకపోతే అప్పుడు వెళ్ళి చించి వస్తాను, పిచ్చిదాన్నన్నా సరే."

"అమ్మ చెయ్యదు టీచర్."

"ఎందుకని?"

"మీరంటే భయం."

"నేనా? నేనేం చేశాను దానికి?"

"ఎనిమిదో తరగతిలో మీ దగ్గర చదివింది కదా. మధ్యలో మానేసి పొగాకు కోతలకి వెళ్ళిపోయింది. టీచర్ గారితో మాట్లాడే మాటలు నాకు రావంటుంది."

ఆవిడ కిటికీ వైపు చూసింది. "చివరి బెంచీ" అంది. "కిటికీ పక్కన. చేతులకు ఎప్పుడూ పొగాకు జిగురే. తుడవకుండా నోటుబుక్కు ఇస్తే నేను దానితోనే ఆ చేతుల మీద..." చెప్పకుండానే ఆపేసింది. "గురువారం" అంది మళ్ళీ.

ఆ సాయంత్రం అమ్మమ్మ ఫోన్ నుంచి ఒక మిస్డ్ కాల్ ఇచ్చాను. అమ్మ వీలు చూసుకుని చేసింది. చెప్పేశానని చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "నేనేం మాట్లాడతానే?" అంది. "నమస్కారం టీచర్ గారూ అంటాను. తర్వాత? తర్వాత ఏమనాలి? ఇంకేదైనా పంపనా? మంచి దుప్పటి?"

"ఏం పంపకు. ఫోన్ చెయ్యి."

"పలక్కపోతే?"

"అమ్మా, ఆవిడ పలుకుతుంది. నువ్వే పలకడం లేదు."

అలా అన్నందుకు తర్వాత చాలాసేపు బాధపడ్డాను. అమ్మ మాత్రం నంబరు రాసుకుంది.

గురువారం నాలుగింటికి నేను టీచర్ గారి వంటింట్లో ఉన్నాను. ఆవిడ మా నోటుబుక్కులు దిద్దుకుంటోంది. నాలుగైంది. నాలుగూ పది అయింది. ఆవిడ ఎర్ర సిరాకలం ఆగలేదు. నాలుగూ ఇరవైకి నేను కుర్చీలోంచి లేచాను, ఇక కూర్చోలేక.

"కూర్చో" అంది తలెత్తకుండానే.

ఫోన్ మోగింది. మూడుసార్లు మోగనిచ్చి తీసింది. అమ్మ అరిచినట్టే మాట్లాడుతుంది ఫోన్‌లో, దూరం ఎక్కువ కదా అని. అందుకని నాకు అన్నీ వినిపించాయి.

"నమస్కారం టీచర్ గారూ, మీరు నా కుటుంబానికి చేసిన మహోపకారానికి నేను సర్వదా..." ఎక్కడో రాసుకున్నది చదువుతోంది.

"జీనా" అంది టీచర్ గారు. "ఆ కాగితం కింద పెట్టు."

అటువైపు కాగితం గరగరలాడింది.

"పెట్టావా?"

"పెట్టాను టీచర్ గారూ."

"నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మెట్లెక్కడం, ముసలావిడ బరువు, ఏదో పూత మందు. టీచర్ గారు తన డాక్టరు రాసిచ్చిన మందు పేరు చెప్పింది. అమ్మ వర్షాల గురించి అడిగింది. ద్రాక్ష కోత అయిందా అని అడిగింది. పొమానా మాట రానే వచ్చింది. అమ్మ క్షమించమని ఏడవబోతుంటే టీచర్ గారు, "తువ్వాలు మాత్రం మంచిది, వాడుతున్నాను. కొవ్వొత్తికి ఏదో పూల వాసన, దేవుడి పటం ముందు పెడితే తుమ్ములొస్తున్నాయి" అంది. అమ్మ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు నేను ఫోన్‌లో ఎప్పుడూ వినలేదు.

నవ్వు ఆగాక అమ్మ గొంతు సవరించుకుంది.

"టీచర్ గారూ, ఒకటి అడగనా? మా అమ్మాయి లెక్కలు ఎలా చేస్తోంది?"

నేను అమ్మకు ఆ ప్రశ్న నేర్పలేదు. కాఫీ పొట్లాల సంగతి చెప్పనే లేదు. టీచర్ గారు కుర్చీ నా వైపు నుంచి పక్కకు తిప్పుకుంది.

"బాగా చేస్తుంది" అంది. "తొందరెక్కువ. గుర్తులు మార్చడం మరిచిపోతుంది. సోమవారం బోర్డు దగ్గర తలకాయ ఇంట్లో పెట్టి వచ్చింది. నేను తిట్టాలి, తిట్టలేదు. రేపు తిడతాను."

"తిట్టండి టీచర్ గారూ. గట్టిగా తిట్టండి."

అమ్మ ఫోన్ కార్డు అయిపోయేదాకా మాట్లాడుకున్నారు. మాట మధ్యలోనే తెగిపోయింది. టీచర్ గారు ఫోన్ పెట్టేసి, మళ్ళీ నోటుబుక్కులు ముందుకు లాక్కుంది.

"శనివారం పరుపు తెచ్చుకో" అంది. "దిండు నా దగ్గరుంది."

అయిదు నెలలనుకున్నది మూడేళ్ళయింది. అమ్మమ్మ ఆపరేషన్ తర్వాత ఊరికి రాలేకపోయింది. తొమ్మిదో తరగతి పరీక్ష ఆ ఇంటి నుంచే రాశాను. పక్క ఊరి పెద్ద బడికి కూడా ఆ ఇంటి నుంచే వెళ్ళి వచ్చాను. అమ్మ ఒక్క గురువారం తప్పలేదు. ఒకసారి ఏం పంపమంటారని మళ్ళీ అడిగితే, టీచర్ గారు బోర్డు మీద వృత్తాలు గీసే పెద్ద చెక్క వృత్తలేఖిని కావాలంది. బడిలోది విరిగి పదేళ్ళయిందట. అమ్మ పాదొవా అంతా తిరిగి సంపాదించింది. పెట్టెలో పట్టలేదని సిమియోన్ మామ దాన్ని ముందు సీట్లో, తన పక్కన పెట్టుకుని తెచ్చాడు. అమ్మకు కాగితాలు వచ్చిన ఏడాది, ఊరికి వచ్చిన రోజే ఆ ఇంటికి వెళ్ళింది. లోపలికి వెళ్ళింది, కూర్చుంది, మధ్యాహ్నం తిని, సాయంత్రం దాకా ఉంది.

మా ఇంట్లో విశ్వవిద్యాలయం దాకా చదివిన మొదటిదాన్ని నేను. ఇప్పుడు కిషినావ్‌లో మందుల కొట్టులో పనిచేస్తున్నాను. మాత్రలు రెండుసార్లు లెక్కపెడతాను.

పోయిన ఫిబ్రవరిలో టీచర్ గారు పోయింది. అంతకు ముందే మా ఊరి బడి మూసేశారు. పిల్లలు ముప్పైమంది కూడా లేరు, పెద్దవాళ్ళతో పాటు వాళ్ళూ వెళ్ళిపోయారు. గోడల మీది టీచర్ల ఫొటోలు ఎవరు ఎక్కడ పెట్టారో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. ఆవిడకు పిల్లలు లేరు. ఆవిడ ఇంట్లో ఉండి చదువుకున్నవాళ్ళం నాకు తెలిసి అయిదుగురం, అయిదు దేశాల్లో ఉన్నాం.

అందుకని ఇది చదివినవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. ఆవిడ పేరు ఒలింపియా గ్రిగోరెవ్నా తోఫాన్. సల్చియేని బడిలో ముప్పై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పింది. దయచేసి ఆవిడను గుర్తుపెట్టుకోండి.